ఓపెన్‌టాప్ జీపు: ఉద్దానం తీరంలో అమెరికన్ పాతబండి

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో పుట్టి, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే భారతదేశంలో కూర్పు మొదలై, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇక్కడే తయారైన తేలికపాటి బండి ఓపెన్‌టాప్ జీపు. దీని పైకప్పు గుడ్డది, వద్దనుకుంటే మడిచి పెట్టేయవచ్చు. ముందు అద్దాన్ని బానెట్ మీదికి వాల్చేయవచ్చు. ఇంజిన్ బలం వెనక చక్రాలకే కాక, కావలసినప్పుడు ముందు చక్రాలకూ అందుతుంది.

పాత అమెరికన్ ఓపెన్ కారు అనగానే ప్రపంచానికి షెవ్రొలే కార్వెట్, ఫోర్డ్ థండర్‌బర్డ్, ఫోర్డ్ మస్టాంగ్ గుర్తుకొస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి, ఉద్దానం తీరం వెంట ఉన్న ఇసుక దారులకు, కొండ దారులకు పనికొచ్చిన అమెరికన్ ఓపెన్ బండి మాత్రం జీపే. ఆకాశం కనిపిస్తూ, గాలి తగులుతూ, చుట్టూ ఉన్న ఊరితో కలిసి ప్రయాణించే ఆనందం కార్వెట్‌లో ఎలాంటిదో జీపులోనూ అలాంటిదే. ఆ ఆనందాన్ని నిలుపుకోవడానికి యజమాని పడవలసిన శ్రమ కూడా రెండింట్లో ఒకటే. ఈ రెండూ కలిస్తేనే పాత ఓపెన్ బండి మీద మమకారం అర్థమవుతుంది.

అమెరికాలో ఓపెన్ కారు మోజు

మోటారు బండ్ల తొలి రోజుల్లో దాదాపు అన్నీ పైకప్పు లేనివే. 1910ల నాటి మెర్సర్ రేస్‌అబౌట్, స్టట్జ్ బేర్‌క్యాట్ లాంటి కార్లకు తలుపులు కూడా అంతంతమాత్రమే. 1920లలో ఇనుప పైకప్పు ఉన్న కార్లు చవకగా దొరకడం మొదలయ్యాక ఓపెన్ కారు అవసరం స్థాయి నుంచి సరదా స్థాయికి మారింది. యుద్ధ సమయంలో బ్రిటన్‌లో గడిపిన అమెరికన్ సైనికులు అక్కడి ఎంజీ లాంటి చిన్న స్పోర్ట్స్ కార్లను చూసి ముచ్చటపడ్డారు. యుద్ధం ముగిశాక అలాంటి బండ్లకు అమెరికాలో గిరాకీ పుట్టింది.

ఆ గిరాకీకి జనరల్ మోటార్స్ ఇచ్చిన జవాబు కార్వెట్. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో దాన్ని తొలిసారి ప్రదర్శించారు. అదే ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో తయారీ మొదలైంది. మొదటి ఏడాది తయారైనవి 300 మాత్రమే. అన్నీ తెలుపు రంగువే, లోపల ఎరుపు, పైన నల్లటి గుడ్డ టాపు. ధర 3,498 డాలర్లు. దాని బాడీ ఇనుప రేకు కాదు, ఫైబర్‌గ్లాస్. ఈరోజు భావనపాడు, బారువ తీరాల్లో మత్స్యకారులు నడిపే ఫైబర్ బోట్ల పదార్థమూ అదే కోవకు చెందుతుంది. ఉప్పునీటికి లొంగని ఆ గుణం కార్వెట్ బాడీకి తుప్పు బాధ తప్పించింది. అయితే కింద ఉన్న చాసీ ఇనుముదే కాబట్టి, అది మాత్రం తుప్పు పడుతుంది.

తొలి కార్వెట్‌లో 150 హార్స్‌పవర్ ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండే గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉండేవి. చూపుకు తగ్గ వేగం లేదన్న పేరొచ్చింది. 1955లో వీ8 ఇంజిన్ పెట్టారు. అయినా ఆ ఏడాది 700 కార్వెట్లు తయారైతే, కొత్తగా వచ్చిన ఫోర్డ్ థండర్‌బర్డ్ 16,000కు పైగా తయారైంది. ఆ పోటీ వల్లే కార్వెట్ నిలబడింది. ఇంజనీర్ జోరా ఆర్కస్ డంటోవ్ దాన్ని అసలైన పందెపు కారుగా తీర్చిదిద్దాడు. అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్ మొదలుకొని పలువురు వ్యోమగాములు కార్వెట్లు నడపడంతో ఆ బండికి సాహసికుల బండిగా పేరు స్థిరపడింది.

1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఫోర్డ్ మస్టాంగ్ విడుదలైంది. 2,368 డాలర్ల ప్రారంభ ధరతో అది మధ్యతరగతి చేతికి అందింది. మొదటి మోడల్ కాలంలోనే లక్షకు పైగా ఓపెన్‌టాప్ మస్టాంగ్‌లు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత కార్లలో ఏసీ వాడకం పెరిగింది, పెద్ద రోడ్ల మీద వేగం పెరిగింది. బండి బోల్తా పడితే కాపాడే నిబంధనలు వస్తాయన్న భయం కూడా తోడై ఓపెన్ కార్ల తయారీ తగ్గిపోయింది. 1975 తర్వాత ఓపెన్ కార్వెట్ ఆగింది. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోను చివరి అమెరికన్ ఓపెన్ కారుగా ప్రచారం చేసి అమ్మారు. అదే చివరిది కాలేదు. 1982లో క్రైస్లర్ మళ్లీ ఓపెన్ కార్లు తెచ్చింది. 1986లో ఓపెన్ కార్వెట్ తిరిగొచ్చింది. ప్రయాణానికి అవసరం లేకపోయినా మనిషికి కావాలనిపించే బండి అది అని ఈ చరిత్ర చెబుతుంది.

జీపు పుట్టుక

1940 జులైలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. తేలికగా, పొట్టిగా ఉండి, నాలుగు చక్రాలకూ బలం అందే నిఘా బండి కావాలని, నమూనాను 49 రోజుల్లో అందించాలని అడిగింది. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణానికి చెందిన చిన్న కంపెనీ అమెరికన్ బాంటమ్ ముందుకొచ్చింది. ఇంజనీర్ కార్ల్ ప్రాబ్స్ట్ రెండు రోజుల్లో చిత్రాలు గీసిచ్చాడు. సెప్టెంబర్ 23న నమూనా బండి మేరీల్యాండ్‌లోని సైనిక కేంద్రానికి గడువులోపలే చేరింది.

అయితే సైన్యానికి కావలసినన్ని బండ్లు తయారుచేసే శక్తి బాంటమ్‌కు లేదు. ఒహాయోలోని టొలీడో నగరానికి చెందిన విల్లీస్ ఓవర్లాండ్, దానితో పాటు ఫోర్డ్ కంపెనీ రంగంలోకి దిగాయి. విల్లీస్ ఇంజిన్ 2.2 లీటర్లది, 60 హార్స్‌పవర్ ఇచ్చేది. ఆ తరగతిలో అంత బలమైనది మరొకటి లేకపోవడంతో విల్లీస్ నమూనానే ప్రమాణంగా తీసుకున్నారు. యుద్ధం ముగిసేసరికి ఈ రెండు కంపెనీలూ కలిసి సుమారు 6.4 లక్షల జీపులు తయారుచేశాయి.

ఆ బండి కొలతల్లోనే దాని గుణం ఉంది. ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం 80 అంగుళాలు. మొత్తం పొడవు మూడున్నర మీటర్ల లోపే. సైన్యం లెక్కలో దాని మోత పావు టన్ను, అంటే పలాస మార్కెట్‌లో 80 కిలోల లెక్కన తూచే జీడిపిక్కల బస్తాలు దాదాపు మూడు. తలుపులు లేవు. పెట్రోల్ ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది కాబట్టి, పెట్రోల్ పోయాలంటే సీటు ఎత్తాలి. సైనికుడు దూకి ఎక్కడానికి, దూకి దిగడానికి వీలుగా చేసిన ఆ తెరపి, యుద్ధం ముగిశాక దాని ఆకర్షణగా మారింది.

1945లో విల్లీస్ పౌరుల కోసం సీజే-2ఏ తెచ్చింది. 1953లో వచ్చిన సీజే-3బీలో కొత్త హరికేన్ ఇంజిన్ పెట్టారు. ఆ ఇంజిన్ ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్‌ను పైకి లేపవలసి వచ్చింది. మన పల్లెల్లో జీపు అనగానే కళ్ల ముందు మెదిలే ఎత్తు ముఖం అక్కడి నుంచి వచ్చిందే.

భారతదేశానికి రాక

స్వాతంత్ర్యానికి ముందు అమెరికన్ కార్లు మన దేశంలో అరుదు కాదు. ఫోర్డ్ 1926 నుంచి, జనరల్ మోటార్స్ 1928 నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ కార్లు కూర్చేవి. దేశంలోనే తయారుచేసే ప్రణాళిక లేని కంపెనీలు కొనసాగనక్కర్లేదని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయడంతో, 1954 నాటికి రెండూ తప్పుకున్నాయి. సరిగ్గా కార్వెట్ పుట్టిన రోజుల్లోనే అమెరికన్ కార్లకు మన తలుపులు మూతపడ్డాయి. ఆ తరం అమెరికన్ స్పోర్ట్స్ కార్లు ఇక్కడ అంత తక్కువగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

జీపుకు మాత్రం దారి దొరికింది. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి 1945లో స్థాపించిన మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టింది. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడ ఆర్థికమంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. 1950లలో లైసెన్స్‌తో తయారీ కూడా ఇక్కడికి మారింది. అమెరికాలో సీజే-3బీ తయారీ 1968లో ఆగిపోయినా, దాని వారసులు మన దేశంలో ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కొత్త బండ్లుగా బయటికొచ్చాయి. 1980లలో ప్యూజో డిజైన్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన ఎంఎం 540 పల్లెల్లో బాగా స్థిరపడింది. పెట్రోల్ ఖర్చు భరించలేక పాత జీపుల్లో డీజిల్ ఇంజిన్లు దింపించుకున్నవారూ చాలామంది.

పలాస, టెక్కలి, ఉద్దానం: నేల, దారులు

పాత 5వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 16వ నంబరు రహదారి, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళుతుంది. దానికి తూర్పున సముద్రం వరకు ఉన్న ఇసుక నేల ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. రహదారికి పడమటి వైపు మందస, మెళియాపుట్టి కొండలు, వాటి వెనక ఒడిశాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, దక్షిణాన నౌపడ ఉప్పుమడులు.

ఒక్క గంట ప్రయాణంలో తారు రోడ్డు, తోటల మధ్య ఇసుక బాట, రాళ్ల కొండ దారి మూడూ తగిలే ప్రాంతమిది. మామూలు కారు ఇసుకలో పొట్ట ఆనించి నిలిచిపోతుంది. జీపు పొట్టిగా ఉండటం, నేలకు ఎత్తుగా ఉండటం, నాలుగు చక్రాలూ లాగడం ఇక్కడ నేరుగా అక్కరకొచ్చే గుణాలు. గట్టిపడని ఇసుకలో టైర్లలో గాలి కొంత తగ్గించి, లో గేరు వేసి, ఆగకుండా ఒకే వేగంతో పోనివ్వాలి. చక్రం తిరుగుతూ కిందికి దిగుతున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే మరింత కూరుకుపోతుంది. తారు రోడ్డు ఎక్కగానే ముందు చక్రాల పట్టు తప్పించి, గాలి మళ్లీ నింపాలి. లేకపోతే గేర్లు, టైర్లు రెండూ పాడవుతాయి.

ప్రజాజీవితంలో జీపు

పల్లెకు జీపు మొదట ప్రభుత్వ బండిగా పరిచయమైంది. తహసీల్దారు, బ్లాకు అధికారి, మలేరియా సిబ్బంది, పోలీసులు దానిలోనే వచ్చేవారు. 1960ల చివర శ్రీకాకుళ సాయుధ పోరాటపు రోజుల్లో ఈ ప్రాంతపు ఊళ్లలో జీపు చప్పుడు భయాన్నీ మోసుకొచ్చింది. ఆ జ్ఞాపకం కూడా ఈ బండి చరిత్రలో భాగమే.

తర్వాతి కాలంలో అదే బండి అద్దెకు తిరిగే సర్వీసు జీపు అయింది. బస్సు వెళ్లని కొండవాలు గూడేల నుంచి సంతకు జనాన్ని, సరుకును తెచ్చింది. సరిహద్దు అవతల ఒడిశాలో ఈ పనికి ట్రెక్కర్ బండ్లు పేరుపడ్డాయి. పెళ్లి ఊరేగింపుల్లో టాపు తీసిన జీపు గుర్రపు బండి స్థానాన్ని తీసుకుంది.

ఎన్నికల్లో ఓపెన్‌టాప్ బండి పాత్ర ఇంకా పెద్దది. నాయకుడు నిలబడి జనానికి కనబడాలి, జనం చేయి ఎత్తితే అతని చేయి అందాలి. తెలుగునాట ఈ రాజకీయానికి రూపమిచ్చిన బండి కూడా అమెరికన్ పాతబండే. 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యానును మార్పించి చైతన్యరథంగా చేసుకున్నారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడుపుతుండగా, దాని మీద నిలబడి మాట్లాడుతూ రాష్ట్రమంతా తిరిగి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. 1994లో ఆయన హిందూపురంతో పాటు టెక్కలి నుంచి కూడా శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత వచ్చిన ప్రచార రథాలకు, ఓపెన్‌టాప్ ఊరేగింపులకు మూలం ఆ వ్యానులో కనిపిస్తుంది.

కనబడటంలో ప్రమాదమూ ఉంది. 1963 నవంబర్ 22న డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ టాపు తీసిన లింకన్ కాంటినెంటల్ కారులో ప్రయాణిస్తుండగానే హత్యకు గురయ్యారు. ఆ తర్వాత దేశాధినేతలు ఓపెన్ కార్లలో తిరగడం బాగా తగ్గింది.

సొంతం చేసుకోవడంలోని ఆకర్షణ

పాత ఓపెన్ బండి మీద ఇష్టానికి కారణాలను నాలుగుగా చూడవచ్చు.

మొదటిది ఇంద్రియానుభవం. మూసిన కారులో దారి అద్దం అవతలి బొమ్మ. టాపు తీసిన జీపులో పలాస నుంచి సముద్రం వైపు వెళితే కాశీబుగ్గ జీడి పరిశ్రమల వాసన ముందు తగులుతుంది. పూత కాలమైతే తోటల్లో జీడిపూల తియ్యటి ఘాటు, కొబ్బరి నీడలోకి రాగానే తగ్గే వేడి, అక్కుపల్లి దగ్గరపడే కొద్దీ ముఖానికి అంటే తేమ, ఉప్పు. దారి మారిన సంగతి కన్ను కంటే ముందు ఒంటికి తెలుస్తుంది. తెలినీలాపురం వైపు నెమ్మదిగా వెళితే వలస పక్షుల గోల ఇంజిన్ చప్పుడును మించి వినిపిస్తుంది. అమెరికాలో పసిఫిక్ తీర రహదారి మీద ఓపెన్ మస్టాంగ్ నడిపేవారు చెప్పుకునే ఆనందం కూడా ఇలాంటిదే. పేర్లు, వాసనలు వేరు, అంతే.

రెండోది యంత్రంతో చేయి కలపడం. పాత పెట్రోల్ జీపును లేపడమే ఒక వరస. చోక్ లాగాలి, యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కాలి, మరీ పాతదైతే నేల మీదున్న స్టార్టరు మీటను కాలితో తొక్కాలి. ఇంజిన్ అందుకున్నాక చోక్‌ను కొంచెం కొంచెంగా లోపలికి తోయాలి. గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి ముందు చక్రాలకు పట్టిస్తుంది, రెండోది హై, లో మారుస్తుంది. స్టీరింగుకు సాయపడే పంపు లేదు, బ్రేకుకు తోడు బలం లేదు. నడిపేవాడు ఇచ్చినంతే బండి ఇస్తుంది. కొత్త కార్లు నేర్పని ఓపికను, ముందుచూపును ఇది నేర్పుతుంది.

మూడోది బాగుచేసుకోగల స్వేచ్ఛ. బానెట్ రెండు పక్కల క్లిప్పులు విప్పితే ఇంజిన్ మొత్తం కళ్ల ముందుంటుంది. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, నీళ్ల పంపు, ఫ్యాన్ బెల్టు ఏది ఎక్కడుందో పిల్లవాడికి కూడా చూపించవచ్చు. కంప్యూటర్ పెట్టి తప్పు వెతకనక్కర్లేదు. స్పానర్ల సెట్టు, గ్రీజు గన్ను, వినే చెవి ఉంటే సగం పని ఇంటి దగ్గరే అవుతుంది.

నాలుగోది కుటుంబ చరిత్ర. తోట అమ్మని ఇంట్లో తాతల నాటి చెట్టును నరకనట్టే, నడిచే స్థితి దాటినా జీపును అమ్మని ఇళ్లుంటాయి. పొలం పని, పెళ్లి, ఆసుపత్రి, సంబరం అన్నింటికీ కదిలిన బండి అది. ధర కట్టేవాడికి పాత ఇనుము కనిపిస్తుంది, ఇంటివారికి మనుషులు కనిపిస్తారు. అమెరికాలో తండ్రి కొన్న కారును కొడుకు, మనవడు బాగుచేయించి దాచుకోవడం వెనకా ఇదే భావం.

అసలుతనం గురించిన ఆలోచనలో మాత్రం రెండు చోట్లా తేడా ఉంది. అమెరికాలో చాసీ మీద అంకెలు, ఇంజిన్ మీద అంకెలు కలిస్తేనే కార్వెట్‌కు ఎక్కువ ధర. 1974లో ఏర్పడిన కార్వెట్ పునరుద్ధరణ సంఘం ఒక్కో బోల్టు కూడా ఫ్యాక్టరీ నాటిదేనా అని పరిశీలిస్తుంది. మన జీపులు బతకడానికి మారాయి. ఇంజిన్ మారింది, సీట్లు పెరిగాయి, వెనక బాడీ పొడవైంది. ఆ మార్పులన్నీ ఇక్కడి బతుకు తెరువుకు ఆనవాళ్లు. వాటిని తుడిచేసి యుద్ధకాలపు ఆకుపచ్చ రంగు పులిమితే అందంగా కనిపించవచ్చు కానీ, ఈ నేల మీది చరిత్ర పోతుంది.

ఉప్పుగాలి, తుప్పు, సంరక్షణ

నౌపడలో ఉప్పు పండించే సముద్రమే ఇనుప బండికి మొదటి శత్రువు. గాలిలోని ఉప్పు రేణువులు రేకు మీద వాలి తేమను పీల్చుకుంటాయి. ఆ ఉప్పుతడిలో విద్యుత్ రసాయన చర్య తేలిగ్గా సాగి ఇనుము త్వరగా తుప్పుగా మారుతుంది. ఇసుక గీసిన చోట రంగు లేచిపోతుంది కాబట్టి తుప్పు అక్కడ మొదలవుతుంది.

పైకి కనిపించే తుప్పు కంటే కనిపించనిదే ప్రమాదం. జీపు చాసీ కమ్మీలు కొన్నిచోట్ల పెట్టెలా మూసుకుని ఉంటాయి. లోపలికి చేరిన ఇసుక తడిని పట్టి ఉంచుతుంది. బయట రంగు మెరుస్తున్నా లోపలి నుంచి రేకు పలచబడుతుంది. కమాన్లు చాసీకి బిగిసే కొక్కేలు, బాడీ కూర్చునే మౌంటులు, నేల రేకు మూలలు, బ్యాటరీ పళ్లెం ముందుగా చూడవలసిన చోట్లు. చిన్న సుత్తితో తట్టినప్పుడు గట్టి ఇనుము గణగణమంటుంది, తిన్న ఇనుము మందంగా పలుకుతుంది.

తీరం నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో, ముఖ్యంగా కింది భాగాన్ని కడగాలి. ఆ తర్వాత ఎండలో నిలిపి పూర్తిగా ఆరనివ్వాలి. గ్రీజు నిపుల్స్ అన్నింటికీ వేళకు గ్రీజు కొట్టాలి, పాత గ్రీజుతో పాటు ఇసుక బయటికొచ్చేదాకా కొట్టడం మంచిది. ఇసుకలో, నీళ్లలో దిగిన బండికి బ్రేకు డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించాలి. తుప్పు పట్టిన చోట పుట్టీ పూసి రంగు వేయించడం తప్పును దాచడమే. ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడమే సరైన పని.

గుడ్డ టాపును తడిగా మడిచి పెడితే బూజు పట్టి కుట్లు కుళ్లిపోతాయి. కొబ్బరి చెట్టు కింద బండి నిలపకూడదు. పడిన కాయ టాపును చీల్చడమే కాదు, కూర్చున్నవారి ప్రాణానికీ ముప్పు. తుపాను రోజుల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు లెక్కలేనన్ని కూలాయి. చెట్లకు, రేకుల షెడ్డుకు దూరంగా, మెరక మీద బండిని నిలపడమే అలాంటప్పుడు దానికి రక్షణ.

పెట్రోల్ జీపులకు ఇప్పుడు మరో సమస్య తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు పైపులను, పంపు పొరలను ఉబ్బించి పగిలేలా చేస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేయించుకోవడం, బండి ఎక్కువకాలం కదలకపోతే ట్యాంకు ఖాళీ చేయడం మంచిది.

కొనుగోలు, చట్టం

పాత జీపు కొనేవారు రంగు కంటే ముందు కాగితం చూడాలి. ఆర్సీలో ఉన్న చాసీ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్నవాటితో కలవాలి. మధ్యలో ఇంజిన్ మార్చి ఉంటే ఆ మార్పు రిజిస్ట్రేషన్‌లో నమోదై ఉండాలి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. సైన్యం వేలంలో కొన్న డిస్పోజల్ జీపులైతే వేలం పత్రాలు కూడా ఉండటం అవసరం.

హర్యానాలోని మండీ డబ్వాలీ ఓపెన్ జీపులను కొత్తగా కట్టి ఇవ్వడానికి దేశమంతటా పేరుపొందింది. అక్కడి మెరిసే బండ్లు చూసి ముచ్చటపడేవారు చట్టాన్ని గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

50 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న సొంత వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. వాటి నంబరు పలకపై వీఏ అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. అలాంటి బండ్లను రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తిప్పుకోవచ్చు. మూలరూపంలో మిగిలిన 1950లు, 60ల జీపులకు ఇది తగిన దారి.

తీరం మీద మర్యాద

సముద్రపు ఒడ్డున అలల వెంట ఓపెన్ బండి నడపడం సినిమాలు మన మనసులో వేసిన బొమ్మ. ఈ తీరంలో ఆ కోరికను అదుపులో పెట్టుకోవాలి. శీతాకాలం చివర నుంచి వేసవి తొలి వారాల వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శ్రీకాకుళం తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. బండి చక్రం కింద గూళ్లు నలుగుతాయి, నొక్కుకుపోయిన ఇసుకలోంచి పిల్లలు పైకి రాలేవు, చక్రాల గాడిలో పడినవి సముద్రానికి చేరలేవు. ఈ తాబేలుకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఒడ్డున ఆరబెట్టిన వలలు, మత్స్యకారుల నడక దారి కూడా అక్కడే. బారువలోనైనా, అక్కుపల్లిలోనైనా తోట అంచున బండి ఆపి నడిచి వెళ్లడమే సరైన పద్ధతి.

నేటి స్థితి

2010లో మహీంద్రా థార్ పేరుతో జీపు వారసుణ్ని తెచ్చింది. 2020 అక్టోబర్ 2న విడుదలైన రెండో తరం థార్‌లో ఎయిర్ బ్యాగులు, ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. పల్లె పనికి కంటే పట్టణపు సరదాకు అది ఎక్కువగా అమ్ముడైంది. 2018లో మహీంద్రా అమెరికాలోని మిషిగన్‌లో రాక్సర్ పేరుతో పాత జీపు రూపంలోని బండిని కూర్చి అమ్మింది. పుట్టిన దేశానికే ఆ రూపం మన దేశం నుంచి తిరిగి చేరింది. జీపు బ్రాండు యజమానులు దాని మీద కేసు వేయడంతో ముఖం మార్చవలసి వచ్చింది.

పలాస, టెక్కలి దారుల్లో సర్వీసు జీపుల పనిని ఆటోలు, వ్యాన్లు అందుకున్నాయి. సొంత జీపు మిగిలిన చోట దాన్ని నిలబెడుతున్నది డబ్బు కంటే చేతిపని. కార్బురేటర్ విప్పి చెవితో సరిచేసే మెకానిక్, వంగిన రేకును సుత్తితో తిరిగి తీర్చే టింకరు, టాపు కుట్టే సీటు పనివాడు, కమాన్లు కొట్టి సాగదీసే కమ్మరి, వీళ్ల దగ్గరున్న విద్య ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. అమెరికాలో కార్వెట్‌కు కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌లో 1994 నుంచి ప్రత్యేక మ్యూజియం ఉంది. ప్రతి మోడల్‌కూ సంఘాలు, పత్రికలు, కొత్తగా పోత పోసిన విడిభాగాలు ఉన్నాయి. ఉద్దానం జీపుకు ఉన్నది దాన్ని ఎరిగిన మనుషులే.

కాబట్టి పాత జీపు ఉన్న ఇల్లు దాన్ని తుక్కుకు వేసే ముందు కాగితాలు భద్రపరచాలి, ఎవరు కొన్నారో, ఏ పనికి తిరిగిందో రాసి పెట్టాలి, నడిపే స్థితికి తేగలరేమో ఒక మంచి మెకానిక్‌ను అడగాలి. కుర్రవాళ్లు అలాంటి షెడ్డులో కొన్నాళ్లు చేయి కలిపితే ఆ విద్య ఇంకో తరం నిలుస్తుంది. ఓపెన్‌టాప్ జీపు ఈ తీరానికి పరాయి దేశం నుంచి వచ్చినా, ఇక్కడి ఇసుకలో, కొండల్లో, సంతల్లో, సభల్లో తిరిగి ఈ ప్రాంతపు బండి అయింది. కొబ్బరి తోటకు, జీడి బట్టీకి ఉన్నట్టే దానికీ ఉద్దానం చరిత్రలో చోటు ఇవ్వడం న్యాయం.